వెనక బ్రేకులో లోపం లేదు

ఫిబ్రవరి 4

వెనక బ్రేకులో లోపం లేదు. ఇంకా విప్పి చూడకముందే ఈ మాట రాసి పెట్టుకుంటున్నాను. ఇరవై ఆరేళ్లుగా రవాణా ఆఫీసులో రోజుకు ముప్ఫై బండ్ల బ్రేకులు చూసి, ఇది రోడ్డెక్కవచ్చు, ఇది ఎక్కకూడదు అని సంతకం పెట్టే మనిషిని. నా బండి సంగతి నాకు తెలియదా? మా ఆవిడ కదిలింది. మలుపులో వెనక సీటు మీద అటూ ఇటూ కదిలింది, బండి అదుపు తప్పింది, పడ్డాం. ఆసుపత్రిలో డాక్టరుకీ, మరదలికీ, తోడల్లుడికీ ఇదే చెప్పాను. ముగ్గురికీ ఒకే మాట చెప్పాను కాబట్టి అది నిజమే అయి ఉండాలి.

మా ఆవిడ కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది. నాకు మోకాలు గీరుకుంది. ఆవిడ చేతికి పిండికట్టుతో చెల్లెలింట్లో ఉంది. నేను బండితో ఇక్కడ ఉన్నాను. నెలాఖరుదాకా సెలవు పెట్టాను. సెలవు కాగితంలో కారణం అన్నచోట 'కుటుంబ సభ్యురాలి సంరక్షణ' అని రాశాను. కుటుంబ సభ్యురాలు నాలుగు వీధుల అవతల ఉంది. సంరక్షణ మాత్రం వరండాలో మోటారు సైకిలుకి జరుగుతోంది.

ఫిబ్రవరి 5

చక్రం ఊడదీశాను. బండి నాకంటే ఆరేళ్లు పెద్దది. నిద్రలో ఉన్న పెద్దమనిషిని లేపినట్టే మూలిగింది. గొలుసు తప్పించి, బ్రేకు కడ్డీ విప్పి, ఇరుసు బయటికి లాగేసరికి మధ్యాహ్నమైంది. కడ్డీ బాగా వంగిపోయింది. రిమ్ము ఒకవైపు సొట్ట పడింది. నలభై స్పోకుల్లో పదకొండు తెగాయి.

బ్రేకు ప్లేటుని బండి ఫ్రేముకి కట్టి ఉంచే ఇనప పట్టీ ఒక చివర ఊడి వేలాడుతోంది. పడ్డప్పుడు ఊడి ఉంటుంది.

ఫిబ్రవరి 6

పడ్డప్పుడే ఊడి ఉంటుంది.

ఫిబ్రవరి 7

మరదలింటికి వెళ్లాను. మా ఆవిడ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది, కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని.

"మీ మోకాలెలా ఉంది?" అంది.

"తగ్గింది."

"నా వల్ల మీకు కూడా దెబ్బ తగిలింది." తల దించుకుంది. "ఎందుకు కదిలానో నాకే తెలీడం లేదండీ. కదిలినట్టు గుర్తు కూడా లేదు. తల తిరిగిందేమో."

ఇక్కడ నేను ఒక మాట అనాల్సింది. "అయి ఉండొచ్చు" అన్నాను.

వెంటనే మరదలు అందుకుంది. "నేనూ అదే అంటున్నా బావా. గుర్తు కూడా లేదంటే తల తిరిగినట్టే. డాక్టరుకి చెప్పాం. పరీక్షలు చేయిద్దామన్నారు."

తోడల్లుడికి ఏ జబ్బు పేరు చెప్పినా అది వచ్చినవాడొకడు తెలిసే ఉంటాడు. "మా ఆఫీసులో ఒకాయన ఇలాగే అన్నయ్యా, నవ్వుతూ నవ్వుతూ మెట్ల మీంచి దొర్లాడు. ముందే కనిపెట్టడం మంచిదైంది."

పరీక్షలు ఎవరికైనా మంచివేనని నేనూ తలాడించాను. పరీక్షలు చేసే ఉద్యోగంలో ఉన్నవాణ్ణి, వద్దని ఎలా అంటాను?

ఫిబ్రవరి 9

బ్రేకు ప్లేటు విప్పాను. బ్రేకు షూల మధ్య స్ప్రింగు చేతిలోంచి ఎగిరి, నా చెవి పక్కనుంచి పోయి, బీరువా కిందికి దూరింది. బీరువా కింద గంటసేపు పాకాను. స్ప్రింగు దొరికింది, ఎప్పుడో పోయిన కళ్లజోడు కూడా దొరికింది. స్పష్టంగా చూడ్డానికి అదొక్కటే తక్కువైందని పెట్టుకున్నాను.

షూల మీది లైనింగు అద్దంలా నున్నగా అరిగిపోయింది. ఇదే వేరేవాడి బండి అయితే, ఈ లైనింగుతో ఎలా తిరుగుతున్నావయ్యా అని వాణ్ణి ఎండలో అరగంట నిలబెట్టేవాణ్ణి. నా బండి కాబట్టి 'కొంచెం అరిగింది' అని రాస్తున్నాను.

ఫిబ్రవరి 10

ఆ ఇనప పట్టీ ఎందుకో డ్రైవర్లకి ఎన్నిసార్లు చేతులు తిప్పుతూ చెప్పానో లెక్కలేదు. పట్టీ ఊడిందంటే, బ్రేకు తొక్కగానే ప్లేటు కూడా చక్రంతో పాటు గిర్రున తిరుగుతుంది. కడ్డీని తనతో లాక్కుని వంచేస్తుంది. చక్రం అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. చక్రం ఆగుతుంది కానీ బండి ఆగదు నాయనా, అనేవాణ్ణి. ఆ చివరి మాటకి అందరూ నవ్వేవాళ్లు.

వెనక కూర్చున్న మనిషి కదిలితే బ్రేకు కడ్డీ ఎలా వంగుతుందని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఆలోచించి పెట్టుకోవాలి. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఫిబ్రవరి 12

కొత్త బ్రేకు కడ్డీ, కొత్త రిమ్ము, కొత్త స్పోకులు తెచ్చాను. నేనే అల్లుదామని కూర్చున్నాను. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి సాయంత్రం నాలుగింటికి నలభై స్పోకులూ ఎక్కించేశాను. నా భుజం నేనే తట్టుకుని, ట్యూబు చేతిలోకి తీసుకుని చూద్దును కదా, గాలి కొట్టే గొట్టం బయటికి వచ్చే కన్నానికి సరిగ్గా ముందు రెండు స్పోకులు అడ్డంగా దాటుతున్నాయి. పంపు మూతి కాదు కదా, నా చిటికెనవేలు కూడా దూరదు. మొదటి స్పోకు ఒక కన్నం పక్కకి వేసినందుకు మిగతా ముప్ఫై తొమ్మిదీ నమ్మకంగా దాని వెంటే నడిచాయి.

ఫిబ్రవరి 13

చక్రం చంకన పెట్టుకుని సైకిలు షాపుకి వెళ్లాను. షాపు నడిపేది అరవై దాటిన ఆవిడ. వీధంతా చక్రాలమ్మ అంటారు. నా అల్లిక చూసి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"గాలి ఎక్కడ కొట్టుకుందామని, ఆఫీసరు గారూ?"

"నన్ను ఎరుగుదురా?"

"మా అల్లుడి వ్యాను మూడుసార్లు వెనక్కి పంపింది మీరేగా? మర్చిపోతానా ఆ మొహం?"

"దాని బ్రేకు సరిగా లేదమ్మా."

"అవును, లేదు. నాలుగోసారి నేను బిగించా. కిక్కురుమనకుండా సంతకం పెట్టారు." నా ఒక్కరోజు కష్టాన్ని పది నిమిషాల్లో విప్పి కుప్ప పోసింది. "బ్రేకు ప్లేటు కూడా పట్టుకురండి. చక్రం ఒక్కటే చూసి ఏం లాభం?"

ఫిబ్రవరి 15

ప్లేటు తీసుకెళ్లాను. తీసుకెళ్లకుండా ఉండాల్సింది.

చక్రాలమ్మ పట్టీ బిగించే బోల్టుని వేలితో తడిమింది. "మరలు చెక్కుచెదరలేదు. నట్టు లాగితే ఊడింది కాదు, తనంతట తను తిరిగి పోయింది. అడ్డంగా దూర్చే పిన్ను ఏదీ?"

"పడ్డప్పుడు విరిగి ఉంటుంది."

"విరిగితే కన్నంలో ముక్క ఇరుక్కుంటుందిగా. ఇది కడిగిన గిన్నెలా ఉంది. అసలు పిన్నే పెట్టలేదు." ప్లేటు బల్ల మీద పెట్టేసింది. "దీన్ని బిగించిన మహానుభావుడెవరు?"

"ఎవరో మెకానిక్" అన్నాను.

"వాణ్ణి ఒక్కసారి నాకు చూపించండి. చెవి మెలేసి పంపిస్తా. ఇద్దరు మనుషులు ఎక్కే బండికి పిన్ను పెట్టకుండా ఇస్తాడా, వెధవ!"

"అదే కదా!" అన్నాను. ఇద్దరం కలిసి ఆ మెకానిక్‌ని పావుగంట తిట్టాం. వాడికి బుద్ధి లేదన్నాం, బాధ్యత లేదన్నాం, వాడి చేతికి పానా ఇచ్చినవాడిని అనాలన్నాం. నిజం చెప్పాలంటే నేనే ఎక్కువ తిట్టాను.

ఫిబ్రవరి 17

మా ఆవిడ పరీక్షలన్నీ బాగానే వచ్చాయట. చెవులు బాగున్నాయి, రక్తం బాగుంది, తల ఫోటో తీస్తే తల కూడా బాగుంది. ఏమీ దొరకలేదు కాబట్టి ఏదో లోతుగా ఉందని తోడల్లుడు తేల్చాడు. డాక్టరు మాత్రం నిలకడ కోసం వ్యాయామాలు రాసిచ్చాడు. పొద్దునా సాయంత్రం పది నిమిషాలు ఒంటికాలి మీద నిలబడాలి.

నేను వెళ్లేసరికి ఆవిడ కిటికీ చువ్వ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఉంది. మరదలు గడియారం చూస్తోంది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగుతోందట. స్నానాల గదికి కూడా చెల్లెలి చెయ్యి పట్టుకుని వెళుతోందట.

"షాపు తాళాలు ఒకటో తారీకున ఇచ్చేస్తానని ఆ బిల్డింగాయనకి చెప్పేశానండీ" అంది, కాలు దించకుండా.

"ఎందుకు?"

"తల ఎప్పుడు తిరుగుతుందో తెలీని మనిషి చేతిలో కత్తెర ఎందుకు? ఎవరి బట్ట నాశనం చేస్తానో. నా ఒంటి మీద నాకే నమ్మకం పోయింది."

పంతొమ్మిదేళ్లుగా నడుపుతున్న టైలరింగు షాపు. ఆవిడ గుడ్డ మీద సుద్దతో గీత గీస్తే స్కేలు సిగ్గుపడాలి. అటువంటి చెయ్యి.

"తొందరపడకు" అన్నాను. "బ్రేకు పని అయిపోనీ. అప్పుడు అన్నీ మాట్లాడుకుందాం."

"మీకు ఆ బండి తప్ప ఇంకో ధ్యాస లేదు బావా" అంది మరదలు. ఆ ఇంట్లో నా గురించి ఎవరైనా నిజం పలికారంటే అదొక్కటే.

ఫిబ్రవరి 18

బ్రేకు పూర్తవగానే చెప్పేస్తాను. చేతిలో రుజువు ఉండాలి కదా.

ఫిబ్రవరి 19

తప్పు ఒప్పుకోవడానికి రుజువు ఎందుకని మధ్యాహ్నం భోజనం దగ్గర అనిపించింది. భోజనమంటే రెండు ఉడికించిన గుడ్లు. గుడ్లు తిని మళ్లీ పనిలో పడ్డాను, ఆ అనిపించడం పోయింది.

ఫిబ్రవరి 21

చక్రం తయారైంది. చక్రాలమ్మ దాన్ని స్టాండుకి ఎక్కించి తిప్పింది. రిమ్ము పక్కన సుద్దముక్క పట్టుకుంటే, ఎక్కడ బెండు ఉంటే అక్కడ గీత పడుతుంది. అక్కడి స్పోకు పావు చుట్టు బిగిస్తుంది, ఎదురుది పావు చుట్టు వదులుతుంది. గంటన్నర ఇదే పని. చివరికి సుద్దముక్క ఎక్కడా తగలకుండా చక్రం తిరిగింది.

షూలకి కొత్త లైనింగు కూడా తనే కొట్టిచ్చింది. "మీ మెకానిక్‌తో కొట్టించుకుంటారా?" అని అడిగింది ముందు. వద్దన్నాను.

ఫిబ్రవరి 22

జనవరి 31న ఏం జరిగిందో రాస్తున్నాను. ఇది నేనొక్కణ్ణే చదువుతాను కాబట్టి ఒకడి ముందు తప్ప పరువు పోదు.

వెనక చక్రం పంక్చరైతే నేనే విప్పి అతికి మళ్లీ ఎక్కించాను. పట్టీ నట్టు చేత్తో తిప్పి పెట్టాను, పానాతో తర్వాత బిగిద్దామని. పిన్ను పళ్ల మధ్య పట్టుకున్నాను. నాకది అలవాటు. అప్పుడు ఆఫీసునుంచి ఫోను వచ్చింది. పళ్ల మధ్య పిన్ను పెట్టుకుని మాట్లాడలేం కదా, తీసి ఎక్కడో పెట్టాను. ఒక బస్సు బ్రేకు దగ్గర నట్టుకి పిన్ను లేదట, ఏం చెయ్యమంటారని అడిగారు. పిన్ను లేని నట్టు ఎంత ప్రమాదమో పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చి, ఆ బస్సుని వెనక్కి పంపమన్నాను.

ఫోను పెట్టేసరికి మా ఆవిడ కుట్టిన బట్టల మూటతో గుమ్మంలో ఉంది. "అయిపోయిందా?" అంది. "ఎప్పుడో అయింది" అన్నాను. "గబగబా బిగించినట్టున్నారు, ఒకసారి చూసుకోండి" అంది. "ఇరవై ఆరేళ్లుగా నా పని ఇదే" అన్నాను.

ఆవిడ వెనక ఎక్కి, మూట ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని చుట్టూ వేసుకుని కూర్చుంది. మలుపులో బ్రేకు తొక్కాను. కాలి కింద పెడలు గుంజుకుపోయింది. చక్రం బిగుసుకుంది. కింద పడకముందే, గాల్లో ఉండగానే నాకు అంతా అర్థమైపోయింది. ఆవిడ కదల్లేదు. ఒక్క అంగుళం కూడా కదల్లేదు.

ఫిబ్రవరి 23

బ్రేకు బిగించాను. పట్టీ, నట్టు, పిన్ను. పిన్ను రెండు కొసలూ వంచాను.

ఫిబ్రవరి 24

బ్రేకు పని పూర్తయింది. బాగా బిగించానో లేదోనని మళ్లీ విప్పాను.

ఫిబ్రవరి 25

మళ్లీ బిగించాను. పట్టీకి రంగు వేశాను. రంగు ఆరేదాకా ఎక్కడికీ వెళ్లకూడదు.

ఫిబ్రవరి 26

స్పోకులు ఒక్కొక్కటే తుడిచాను. నలభై ఉన్నాయి. ఇంకో నాలుగు వందలుంటే బాగుండును.

ఫిబ్రవరి 27

బండి చక్రాలమ్మకి చూపించాను. తనే ఎక్కి వీధి చివరిదాకా పోయి, బ్రేకు తొక్కి, తిరిగి వచ్చింది. వంగి పిన్ను చూసింది. ఒక గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అంది:

"ఆ పక్క వీధి టైలరమ్మ షాపు ఎత్తేస్తోందట. తల తిరిగే జబ్బట. కదిలి బండి మీంచి పడేసిందట, పాపం, మొగుణ్ణి కూడా."

నేను సీటు తుడుస్తున్నాను.

"మీ ఆవిడేగా?"

"అవును."

"ఎల్లుండేగా తాళాలిచ్చేది?"

"అవును."

"ఆ మెకానిక్‌ని రేపోసారి ఆమె దగ్గరికి వెళ్లి రమ్మనండి" అంది. నా మొహం కేసి చూడకుండానే లోపలికి వెళ్లిపోయింది. చెవి మెలేస్తానన్న మనిషి ఊరికే వెళ్లిపోతే ఆ చెవి ఎంత మండుతుందో ఇవాళ తెలిసింది.

ఫిబ్రవరి 28

చెప్పాను.

ఆవిడొక్కదానికే చెబుదామనుకున్నాను. కానీ అబద్ధం నలుగురిలో చెప్పి నిజం చాటుగా చెప్పడం మరీ చవకబారుగా ఉంటుందనిపించింది. మరదల్నీ తోడల్లుణ్ణీ కూర్చోమన్నాను. మా ఆవిడ ఒంటికాలి మీద నిలబడి ఉంది, ఇంకా నాలుగు నిమిషాలు మిగిలి ఉన్నాయట. పిన్ను, ఫోను, నట్టు, పెడలు, అన్నీ చెప్పాను. ఎక్కడా ఆగలేదు. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు.

తోడల్లుడు నోరు తెరిచాడు. జీవితంలో మొదటిసారి, ఇలాంటివాడు ఇంకొకడు తనకి తెలుసనలేదు.

మా ఆవిడ కాలు దించింది. "అయితే నా తల తిరగలేదా?"

"లేదు."

"నేను కదల్లేదా?"

"లేదు. ఒళ్లో మూట పట్టుకుని బొమ్మలా కూర్చున్నావు."

"మూట..." అంది. "నెల రోజులు గోడలు పట్టుకుని నడిచానండీ. స్నానానికి కూడా చెల్లి చెయ్యి పట్టుకుని వెళ్లాను. రాత్రి నిద్రలో పక్కకి తిరగాలంటే భయమేసేది, మంచం మీంచి పడతానని."

కిటికీ చువ్వ మీంచి చెయ్యి తీసేసింది.

"పిన్ను మర్చిపోయారు. సరే, ఎవరైనా మర్చిపోతారు. నా మీదికి ఎందుకు నెట్టారు?"

"భయమేసింది."

"దేనికి?"

"ఆఫీసులో నవ్వుతారని. బ్రేకులు చూసేవాడి బ్రేకే..."

"వాళ్లు నవ్వకుండా ఉండడానికి నాకు జబ్బు అంటగట్టారు" అంది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "ఇంక వెళ్లండి. ఇవాళ మీ మొహం చూడలేను."

గుమ్మం దాటుతుండగా వెనక చెల్లెలితో అంటోంది: "ఆ బిల్డింగాయనకి ఫోన్ చెయ్యవే. తాళాలివ్వడం లేదని చెప్పు."

బండి ఎక్కలేదు. తోసుకుంటూ ఇంటికి వచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను. దారిలో ఎవరో పాడైందా అని అడిగారు. బండి బాగానే ఉందని చెప్పాను.

మార్చి 2

ఆఫీసుకి వెళ్లాను. ఎలా పడ్డారని అడిగారు, చెప్పాను. నవ్వారు. అనుకున్నంత నవ్వలేదు. టీ తాగి ఎవరి పనికి వాళ్లు వెళ్లారు. దీనికోసమా అనుకున్నాను.

మార్చి 6

షాపు ముందునుంచి నడిచి వెళ్లాను. తలుపులు తెరిచి ఉన్నాయి. మా ఆవిడ బల్ల మీద గుడ్డ పరిచి ఎడమచేత్తో గీతలు గీస్తోంది, మరదలు కత్తిరిస్తోంది. "అలా కాదే, పక్కకి పోతున్నావు" అన్న మాట రోడ్డు మీదికి వినిపించింది. ఆగలేదు, ముందుకు వెళ్లిపోయాను.

మార్చి 10

ఏమీ లేదు. ఇల్లు ఊడ్చాను.

మార్చి 14

నిన్న కట్టు విప్పారట. ఇవాళ పొద్దున ఎనిమిదింటికి మా ఆవిడ వరండాలోకి వచ్చి నిలబడింది. మణికట్టు సన్నగా, పాలిపోయి ఉంది. కళ్లనిండా చూసుకున్నాను. ఏదైనా మాట్లాడాలని, నాకు వచ్చిన ఒకే ఒక్క విషయం మొదలుపెట్టాను.

"బ్రేకు ఇప్పుడు బ్రహ్మాండంగా పడుతోంది. నేనే స్వయంగా..."

"మిమ్మల్ని అడగలేదు" అంది. "ఇప్పుడే చక్రాలమ్మని అడిగొచ్చాను. పడుతుందన్నారు. అందుకే ఎక్కుతున్నా. షాపు దాకా దింపండి."

ఇరవై ఆరేళ్ల నా సంతకం ఇంట్లో చెల్లదన్నమాట. సరే అన్నాను. బండి తీశాను. వెనక ఎక్కి కూర్చుంది. నా భుజం మీద చెయ్యి వెయ్యలేదు, సీటు వెనక కడ్డీ పట్టుకుంది. ఆ మలుపు వచ్చింది. వేగం తగ్గించాను. వెనక సీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి.

"ఏమైంది?" అన్నాను.

"కదులుతున్నా" అంది.

కుడికి ఒరిగింది, ఎడమకి ఒరిగింది. మళ్లీ కుడికి. సీటంతా ఊగింది.

"పడ్డామా?"

"లేదు."

ఇంకా గట్టిగా ఊగింది. హ్యాండిలు బిగించి పట్టుకున్నాను. ఎదురుగా సైకిలు మీద వచ్చేవాడు కాలు కిందపెట్టి మావైపే చూస్తున్నాడు.

"ఇప్పుడు?"

"లేదు."

"వినపడలేదండీ."

"లేదు!" అని రోడ్డంతా వినపడేలా అరిచాను.

షాపు వచ్చేదాకా కదులుతూనే ఉంది.